డబ్బా కంపెనీది, కటింగ్ మాత్రం డ్రైవర్‌కా?

పోయిన చలికాలంలో ఒక రాత్రి పదకొండు దాటాక ఒక తమ్ముడు ఫోన్ చేశాడు. జగిత్యాల వైపు పిల్లగాడు. షార్జాలో క్యాంపు, దుబాయి బయట సైట్లకు మూడు టన్నుల పికప్ నడుపుతాడు. "అన్నా, ఇంజిన్ పోయింది. తొమ్మిది వేలు నా మీద రాస్తున్నరు. కాగితం ముందల పెట్టి సంతకం చెయ్యమంటున్నరు. ఏం చెయ్యాలె?" అన్నాడు. నేను నిద్రమత్తులో ఉన్నాను. "ఇంత రాత్రి గొడవ ఎందుకు తమ్ముడూ, పెట్టెయ్, రేపు చూద్దాం" అన్నాను. తప్పు నాదే. పన్నెండేళ్లుగా అందరికీ "అర్థం కాని కాగితం మీద సంతకం పెట్టకండి" అని చెప్పే మనిషిని, ఆ ఒక్క రాత్రి బద్ధకించి పెట్టమన్నాను. ఆ ఒక్క సంతకం మీద ఆ తర్వాత నాలుగు నెలలు తిరగాల్సి వచ్చింది.

ఆ ఇంజిన్ ఎందుకు పోయిందో కనుక్కోవడానికి గ్యారేజీకి వెళ్లాం. మెకానిక్ పాకిస్తానీ పెద్దమనిషి, మంచివాడు. బానెట్... కాదు, ఆ బండికి క్యాబిన్ మొత్తం ముందుకు వంచితే ఇంజిన్ కనిపిస్తుంది. వంచి, ఒక మూలన వేలాడుతున్న అల్యూమినియం డబ్బా చూపించాడు. రెండు పైపులు పైన, కింద ఒక చిన్న ట్యాపు. "ఇదీ దొంగ" అన్నాడు హిందీలో. దాన్ని ఆయిల్ క్యాచ్ క్యాన్ అంటారు. తమ్ముడికి ఆ పేరే తెలియదు. రెండు నెలల కింద కంపెనీ వాళ్లు బండిని సర్వీసుకు పంపినప్పుడు ఎవరో బిగించారు. దానికి ట్యాపు ఉందని, అప్పుడప్పుడు దాన్ని తిప్పి ఖాళీ చేయాలని ఎవరూ చెప్పలేదు.

ఈ నెల ఆ డబ్బా గురించే రాస్తున్నాను. మీలో చాలామంది తాపీ పని, షట్టరింగ్ పని, ఇళ్లలో పని చేసేవాళ్లు, "మాకు బండే లేదు, మాకెందుకు" అనుకోవచ్చు. మీరు రోజూ ఎక్కేది అదే బండి. మీ సైట్లో నడిచే జనరేటరుకు, కంప్రెసరుకు కూడా అలాంటి ఊపిరి పైపే ఉంటుంది. రేపు ఏ మిషను చెడినా మీ ముందుకు వచ్చేదీ అలాంటి కాగితమే.

ముందు డబ్బా ఏం చేస్తుందో చెప్తాను. నేను బీకాం చదివినవాణ్ణి, ఇంజిన్లు నా చదువు కాదు. ఈ గొడవలో పడి నేర్చుకున్నాను, నాకు అర్థమైన తీరులోనే చెప్తాను.

ఇళ్లలో పని చేసే అక్కలకు ఇది తొందరగా తెలుస్తుంది. పొయ్యి మీద ఆవిరిని లాగే హుడ్ ఉంటుంది కదా. దాని జాలీకి నూనె జిడ్డు పడుతుంది, కొన్నింటికి కింద చిన్న గిన్నె ఉంటుంది, దాన్లో నూనె చేరుతుంది. నెలకోసారి మీరే కడుగుతారు. కడగకపోతే ఏమవుతుంది? జిడ్డు కారి మళ్లీ పొయ్యి మీదే పడుతుంది. క్యాచ్ క్యాన్ అచ్చంగా ఆ గిన్నె లాంటిది.

ఇంజిన్లో డీజిల్ మండినప్పుడు ఆ మంట గ్యాసు అంతా పిస్టన్‌ను తోయడానికే పోదు. పిస్టన్ రింగుల సందుల్లోంచి కొంచెం కిందికి, ఆయిల్ ఉండే గదిలోకి జారుతుంది. కొత్త ఇంజిన్లో తక్కువ, అరిగిన ఇంజిన్లో ఎక్కువ. ఆ గ్యాసును లోపలే ఉంచితే ప్రెషర్ కుక్కర్ లెక్క ఒత్తిడి పెరిగి, ఎక్కడ సీలు బలహీనంగా ఉంటే అక్కడ ఆయిల్ తన్నుకొస్తుంది. ఆయిల్ గేజీ పుల్ల కూడా దాని గుంతలోంచి పైకి లేస్తుంది. అందుకని ఇంజిన్ పైభాగంలో ఒక ఊపిరి పైపు పెడతారు. పాత కాలం బండ్లలో ఆ పైపు నేల మీదికే వదిలేవారు. గాలి పాడవుతోందని 1960ల మొదట్లో అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రం దాన్ని తిరిగి ఇంజిన్ గాలి దారిలోకే కలపాలని పట్టుబట్టింది. ఇప్పుడు దాదాపు అన్ని బండ్లకూ అలాగే ఉంది.

అయితే ఆ గ్యాసు ఒక్కటే రాదు. దాంతో పాటు ఆయిల్ తుంపర, నీటి ఆవిరి, మండని డీజిల్ కూడా వస్తాయి. అవన్నీ టర్బో గుండా, ఇంటర్‌కూలర్ గుండా పోయి మళ్లీ ఇంజిన్లోకి దూరతాయి. కొత్త డీజిల్ బండ్లలో పొగను కొంత వెనక్కి తిప్పే ఏర్పాటు కూడా ఉంటుంది. ఆ పొగ మసి, ఈ ఆయిల్ తుంపర కలిస్తే గాలి దారి గోడలకు తారు పూసినట్టు నల్లగా పేరుకుంటుంది. గాలి దారి ఇరుకవుతుంది, బండి లాగదు, డీజిల్ ఎక్కువ తాగుతుంది. ఊపిరి పైపుకూ గాలి దారికీ మధ్యలో డబ్బా పెడితే ఆయిల్ తుంపర దాంట్లో చల్లబడి, జాలీకి తగిలి, చుక్కలై కింద చేరుతుంది. గ్యాసు మాత్రం ముందుకు పోతుంది. పని అంతే.

మన ఎడారిలో దీని పని ఎక్కువ. ఇసుక పట్టి ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోతే ఇంజిన్ గాలి కోసం గట్టిగా పీలుస్తుంది. ఆ పీల్పుకు ఊపిరి పైపులోంచి ఆయిల్ తుంపర ఇంకా ఎక్కువ వస్తుంది. ఇంకోటి. జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం 12:30 నుంచి 3 గంటల వరకు ఎండలో పని ఆపాలని ఇక్కడి రూలు. నీడ, చల్లబరిచే ఏర్పాటు చేయాల్సింది కంపెనీ. చాలా చోట్ల అది చేయక, మన పిల్లలు బండి స్టార్టులో పెట్టి ఏసీ వేసుకుని క్యాబిన్లో కూర్చుంటారు. గంటల తరబడి ఖాళీగా నడిచే డీజిల్ ఇంజిన్లో మంట సరిగ్గా వేడెక్కదు, ఆయిల్లో తేమ, మండని డీజిల్ చేరతాయి. డబ్బాలోకి వచ్చేదీ పెరుగుతుంది. అంటే నీడ ఇవ్వని కంపెనీ ఖర్చు ఇంజిన్ మీద పడుతుంది, అక్కడి నుంచి డ్రైవర్ జీతం మీదికి దిగుతుంది.

ఇక తమ్ముడి బండికి ఏమైందంటే, రెండు నెలల్లో డబ్బా నిండింది. నిండాక వచ్చే ఆయిల్ ఎటు పోవాలి? గాలి పైపులోకే. ఒక పొద్దున సైట్ దగ్గర ర్యాంపు ఎక్కుతుంటే ఆ పోగైన ఆయిల్ ఒక్కసారి ఇంజిన్లోకి దూరింది. డీజిల్ ఇంజిన్‌కు ఆయిల్ కూడా ఇంధనమే. ఎక్సలేటర్ మీంచి కాలు తీసినా ఇంజిన్ అరుపు తగ్గలేదు. తాళం తిప్పి ఆపినా ఆగలేదు. వెనక నీలం రంగు పొగ. తమ్ముడు బ్రేకు పట్టి, పక్కన కూర్చున్న ఇద్దరినీ దిగి పరుగెత్తమన్నాడు, తనూ దిగాడు. అర నిమిషం అరిచి అరిచి ఇంజిన్ పట్టేసింది.

మనుషులకు ఏం కాలేదు. కంపెనీ కాగితంలో ఆ మాట మాత్రం లేదు. "డ్రైవర్ నిర్లక్ష్యం వల్ల ఇంజిన్ నష్టం" అని ఉంది. తొమ్మిది వేల దిర్హాంలు, నెలకు 750 చొప్పున పన్నెండు నెలలు. తమ్ముడి జీతం 1,800.

ఒక్క మాట ఇక్కడే చెప్పాలి, ప్రాణం విషయం కాబట్టి. ఇంజిన్ ఇలా తనంతట తాను అరవడం మొదలైతే, గేరు బండి అయితే, మొదటి క్షణాల్లోనే పెద్ద గేరులో వేసి, బ్రేకు గట్టిగా తొక్కి, క్లచ్ వదిలితే ఇంజిన్ ఆగిపోవచ్చు. అది కుదరకపోతే దిగి దూరం పొండి, అందరినీ దూరం పంపండి. గాలి పైపు మూయాలని చెయ్యి గానీ గుడ్డ గానీ పెట్టొద్దు. ఆ పీల్పుకు చెయ్యి పోతుంది. ఇంజిన్ ముక్కలు కూడా ఎగరొచ్చు. ఇంజిన్ కంపెనీది, పోతే ఇంకోటి వస్తుంది.

ఈ డబ్బా అన్ని బండ్లకూ పెట్టాలా? నా అభిప్రాయం అడిగితే, వద్దు. కొత్త బండ్లలో చాలావాటికి కంపెనీ నుంచే ఆయిల్‌ను వేరు చేసే ఏర్పాటు వస్తుంది. కొన్నింటికి మార్చాల్సిన ఫిల్టరు కూడా ఉంటుంది. దాన్ని టైముకు మారిస్తే చాలు. అరిగిన ఇంజిన్‌కు మరమ్మతు చేయించకుండా డబ్బా తగిలించి నెట్టుకొచ్చే ఓనర్లే నాకు ఎక్కువ కనపడ్డారు. పెట్టడంలో తప్పు లేదు. పెట్టినవాడు దాని బాధ్యత కాగితం మీద రాయకపోవడం తప్పు. అయినా పెట్టేస్తున్నారు కాబట్టి, మంచిగా పెట్టారా లేదా అని చూసే కన్ను మీకుండాలి.

గ్యారేజీలో బిగించేటప్పుడు మీరు పక్కన ఉంటే చూడండి. డబ్బా లోపల జాలీ గానీ అడ్డు పలకలు గానీ ఉండాలి. లోపల ఉత్త ఖాళీ డబ్బా అయితే తుంపర ఒక పైపులో వచ్చి ఇంకో పైపులో పోతుంది, పెట్టీ లాభం లేదు. చాలా చవక రకాలు ఇంతే. జర్మనీ వాళ్ల ప్రోవెంట్ లాంటి వాటిలో మార్చే ఫిల్టరు, ఒత్తిడి పెరిగితే తెరుచుకునే వాల్వు ఉంటాయి, రేటు కూడా అలాగే ఉంటుంది. పైపు ఆయిల్‌కు తట్టుకునే హోస్ అయి ఉండాలి. నీళ్ల హోస్ వేస్తే కొన్ని నెలల్లో మెత్తబడి, పీల్పుకు లోపలికి నొక్కుకుపోతుంది. ఊపిరి మూసినట్టే. పైపు ఎక్కడా మడత పడకూడదు, నీళ్లు నిలిచే గుంతలా కిందికి వేలాడకూడదు. చేరిన ఆయిల్ డబ్బాలోకి గానీ ఇంజిన్లోకి గానీ జారేలా వాలుండాలి. డబ్బాను టర్బోకు, సైలెన్సర్ పైపుకు దూరంగా, గాలి తగిలే చోట, గట్టి పట్టీతో బిగించాలి. వేడి పక్కన పెడితే తుంపర చల్లబడదు, పైగా కారితే నిప్పు భయం. ప్లాస్టిక్ ట్యాగులతో కట్టిన డబ్బాలు నేను చూశాను. ఫ్యాను బెల్టుకు జానెడు దూరంలో ఊగుతున్న డబ్బా కూడా చూశాను. అన్నిటికన్నా ముఖ్యం, ఏ పైపునూ బిరడా కొట్టి మూయకూడదు. డబ్బా కారుతోందని గుడ్డ కుక్కి మూసిన సంగతి ఒకటి విన్నాను. మరుసటి వారానికి వెనక సీలు పోయి ఆయిల్ అంతా రోడ్డు మీదే.

మీరు సొంతంగా మాత్రం బిగించకండి. మీ డబ్బుతో కొననూ వద్దు. యూట్యూబులో చూసి, బండి మీద ప్రేమతో, జేబులోంచి నూటయాభై పెట్టి డబ్బా కొని తగిలించిన డ్రైవర్లు ఉన్నారు. వాళ్ల మనసు మంచిదే. అయితే రేపు ఇంజిన్ చెడితే "నువ్వే ముట్టావు" అంటారు, అప్పుడు చట్టం కూడా వాళ్ల వైపే చూస్తుంది. ఇంజిన్లో అనుమతి లేని మార్పులు ట్రాఫిక్ లెక్కలో కూడా నేరమే. వారంటీ ఉంటే అదీ పోవచ్చు. కావాలనిపిస్తే సూపర్‌వైజర్‌కు వాట్సాప్‌లో రాయండి, ఆయన గ్యారేజీకి రాసి పంపనివ్వండి.

ఇప్పుడు మెయింటెనెన్సు. కొత్తగా పెట్టిన వారానికే ఒకసారి ట్యాపు తిప్పి చూడండి. ఎంత వస్తుందో చూస్తే మీ బండి తీరు తెలుస్తుంది. తర్వాత రెండు వారాలకోసారి చూడటం మంచిది. ఎంత తక్కువ వచ్చినా ఇంజిన్ ఆయిల్ మార్చిన ప్రతిసారీ ఖాళీ చేయాల్సిందే. డబ్బా సగం దాటనివ్వకండి. ఇంజిన్ ఆపి, చల్లారాక తిప్పండి. కింద పాత నీళ్ల బాటిల్ పెట్టి పట్టండి, కొలత తెలుస్తుంది. ట్యాపు గట్టిగా మూసి, క్లాంపులు ఒకసారి చేత్తో కదిలించి చూడండి. ఆరు నెలలకోసారి గ్యారేజీలో డబ్బా విప్పి జాలీ కడిగించాలి. ఫిల్టరు రకం అయితే కడగడం కాదు, దాని కాగితం మీద రాసిన కిలోమీటర్లకు మార్చాలి. ఎయిర్ ఫిల్టర్ కూడా అప్పుడే చూడమనండి, ఆ రెంటికీ చుట్టరికం ఉంది.

వచ్చింది నల్లటి ఆయిలే అయితే మామూలే. చలికాలం పొద్దున పాలు కలిపిన టీ రంగులో చిక్కగా వస్తే అది తేమ, కొంచెమైతే భయం లేదు. ఎండాకాలంలో కూడా అలాగే వస్తూ, రేడియేటరులో నీళ్లు తగ్గుతుంటే మాత్రం వెంటనే చెప్పండి. డీజిల్ వాసన గట్టిగా వచ్చినా చెప్పండి. పట్టిన ఆయిల్‌ను మళ్లీ ఇంజిన్లో పోయకండి. అది నీళ్లు, యాసిడ్, మసి కలిసిన చెత్త. ఇసుకలో పోయకండి, గ్యారేజీలో వేస్ట్ ఆయిల్ డ్రమ్ము ఉంటుంది. చేతికి గ్లౌజులు వేసుకోండి. వాడిన ఇంజిన్ ఆయిల్ ఏళ్ల తరబడి చర్మానికి తగిలితే చర్మ కాన్సర్ ప్రమాదం ఉంది. గ్లౌజులు ఇవ్వాల్సింది కంపెనీ. చేతులు డీజిల్‌తో కడుక్కునే అలవాటు కూడా మానండి.

ఇదంతా పది నిమిషాల పని. అయితే ఆ పది నిమిషాలు ఎవరివి? డ్యూటీ దిగి, క్యాంపులో అన్నం టైముకు, ఫోన్ లైటు వెలుగులో చేయాల్సిన పని కాదు ఇది. డ్యూటీలో భాగం. రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు అని చట్టం చెప్పేదాంట్లో ఇదీ లెక్కే. అంతకు మించితే ఓవర్‌టైము.

కామర్సు చదివిన బుద్ధి ఎక్కడికి పోతుంది, నేను ఈ డబ్బాను ఖాతా పుస్తకంలా చూస్తాను. ప్రతిసారీ ఎంత వచ్చిందో రాసి పెట్టుకుంటే, ఇంజిన్ ఆరోగ్యం లెక్క మీ జేబులో ఉన్నట్టే. రెండు వారాలకు పావు గ్లాసు వచ్చే బండి, ఒక్కసారిగా గ్లాసున్నర ఇవ్వడం మొదలుపెడితే డబ్బా తప్పు కాదు. రింగులు అరిగాయి, లేదా టర్బో పోతోంది. ఆ రోజే ఫోటో తీసి, తేదీ, కిలోమీటరు రీడింగు కనిపించేలా సూపర్‌వైజర్‌కు వాట్సాప్ పంపండి. ఇంగ్లీషు రాకపోతే హిందీలో వాయిస్ పెట్టండి. "బండి జబ్బు పడింది, నేను చెప్పాను" అనేదానికి అదే రుజువు. ఐదు దిర్హాంల నోటుబుక్కు చాలు. మా తమ్ముడు చేయనిది ఇదే. డబ్బా మూత దగ్గర ఆయిల్ చెమ్మ చూశాడు, ఫోర్‌మన్‌కు చెప్పాడు కూడా. నోటి మాట. ఆ ఫోర్‌మన్ తర్వాత "నాకు గుర్తు లేదు" అన్నాడు. అబద్ధం చెప్పాడని నేననను. రోజుకు అరవై మంది అరవై మాటలు చెప్తారు, ఆయనకు నిజంగానే గుర్తు లేకపోవచ్చు.

ఇక చట్టం. ఎమిరేట్స్‌లో 2021 నాటి 33వ నంబరు కార్మిక చట్టం, 25వ అధికరణ. జీతంలోంచి ఏమేం కోయొచ్చో అక్కడ ఉంది. కార్మికుడి తప్పు వల్ల గానీ, కంపెనీ ఇచ్చిన సూచనలు మీరడం వల్ల గానీ మిషను చెడితే, దాన్ని బాగుచేసే మొత్తం కోయొచ్చు. అయితే నెలకు 5 రోజుల జీతానికి మించి కోయకూడదు. అంతకు మించాలంటే కోర్టు ఒప్పుకోవాలి. వేరే కటింగులు కూడా ఉంటే అన్నీ కలిపి జీతంలో సగం దాటకూడదు. సౌదీలో ఉన్నవాళ్లకు వాళ్ల కార్మిక చట్టం 91వ అధికరణలో కూడా నెలకు 5 రోజుల జీతం అనే హద్దే ఉంది. అక్కడ అభ్యంతరం చెప్పడానికి గడువు రోజుల్లోనే ఉంటుంది, కాబట్టి నెలాఖరు దాకా ఆగకండి.

లెక్క చూడండి. జీతం 1,800. రోజుకు 60. ఐదు రోజులకు 300. కంపెనీ కోసింది 750. తప్పు తమ్ముడిదే అనుకున్నా, నెలకు 450 ఎక్కువ కోశారు. ముందు ఆ "తప్పు" అనే మాటనే తేల్చాలి. సూచనలు మీరాడు అనాలంటే సూచన అంటూ ఒకటి ఉండాలి కదా. ట్యాపు ఉందని చెప్పనివాడికి ట్యాపు తిప్పలేదని జరిమానా వేయడం ఏం న్యాయం?

సంతకం పెట్టిన మరుసటి నెల నుంచి కటింగు మొదలైంది. జీతం బ్యాంకులో పడినప్పుడు వచ్చే మెసేజీలో స్పష్టంగా కనపడింది. తమ్ముడు భయపడ్డాడు, రెండు నెలలు ఆగాడు. "వీసా క్యాన్సిల్ చేస్తే ఎట్లన్నా? ఊర్లె అప్పు ఇంకా తీరలే" అన్నాడు. ఆ భయాన్ని నేను తేలిగ్గా తీసుకోను. నేను పెట్టమన్న సంతకం కాబట్టి గట్టిగా ఒత్తిడి చేసే ముఖం కూడా నాకు లేదు. మూడో నెల కటింగు పడ్డాక వాడే ఫోన్ చేసి "పోదాం పా అన్నా" అన్నాడు.

మంత్రిత్వ శాఖలో ఫిర్యాదు పెట్టాం. మాట్లాడించడానికి పిలిచారు. కంపెనీ మనిషి సంతకం చేసిన కాగితం చూపించాడు. మేము మూడు చూపించాం. గ్యారేజీ బిల్లు, డబ్బా బిగించిన తేదీతో. అదే బండి సర్వీసు కార్డు, డబ్బా ఖాళీ చేయాలనే గడి అందులో లేదు. ఇంకా మూడు నెలల బ్యాంకు మెసేజీలు. ఆ కాగితం ఇంగ్లీషులో, అరబిక్‌లో ఉంది, తమ్ముడికి రెండూ చదవరావు. అది కూడా చెప్పాం. అధికారి కంపెనీ మనిషిని ఒకే ప్రశ్న అడిగాడు, డ్రైవర్‌కు ఈ డబ్బా గురించి రాసి ఇచ్చిన సూచన ఎక్కడ అని. లేదు.

చివరికి రాజీ కుదిరింది. ఇక ముందు కటింగు లేదు, కోసిన 2,250లో 1,500 వెనక్కి. ఆ 750 వదలొద్దని నేనన్నాను. పోరాడితే అదీ వచ్చేదని ఇప్పటికీ నా నమ్మకం. 50,000 దిర్హాంల లోపు తగాదాల మీద మంత్రిత్వ శాఖే తీర్పు ఇవ్వగలదు, కార్మికుడు కోర్టుకు పోయినా 1,00,000 లోపు దావాకు ఫీజు లేదు. తమ్ముడికి మాత్రం చెల్లె పెండ్లికి సెలవు కావాలి, కంపెనీతో తెగేదాకా లాగడం ఇష్టం లేదు. వాడి జీతం, వాడి నిర్ణయం. నేను ఊరుకున్నాను.

కంపెనీలు నడిపేవాళ్లలో మన తెలుగువాళ్లు కూడా కొందరున్నారు, ఈ పత్రిక వాళ్ల ఆఫీసుల్లోకీ పోతుంది. వాళ్లతో రెండు మాటలు. సర్వీసు కార్డులో ఒక గడి పెంచడానికి ఏ ఖర్చూ లేదు. "క్యాచ్ క్యాన్, తేదీ, ఎంత వచ్చింది, ఎవరు చూశారు" అంతే. హిందీలో, తెలుగులో ఒక స్టిక్కరు అంటించండి క్యాబిన్ తలుపుకు. తొమ్మిది వేల ఇంజిన్ మిగులుతుంది. మీకు ఇది చెప్పాల్సి రావడమే నాకు ఆశ్చర్యం. లాభనష్టాల పట్టీ మీకు నాకంటే బాగా తెలుసు.

ఇంటి డ్రైవర్ల సంగతి వేరు, దీన్ని కలపకండి. ఇళ్లలో పని చేసేవాళ్లు, ఇంటి డ్రైవర్లు ఇక్కడ 2022 నాటి 9వ నంబరు గృహ కార్మికుల చట్టం కిందికి వస్తారు. పైన చెప్పిన 5 రోజుల లెక్క వాళ్లకు నేరుగా వర్తిస్తుందని అనుకుని వాదనకు దిగొద్దు. ముందు ఫోన్ చేసి అడగండి. కాగితం, ఫోటో, వాట్సాప్ అలవాటు మాత్రం వాళ్లకూ ఇంతే అవసరం. మేడమ్ గారి వాషింగ్ మిషను చెడినా, సారు గారి జీపు చెడినా.

ఎవరైనా మీ ముందు కాగితం పెడితే "చదివించుకుని రేపు ఇస్తాను" అనండి. ఫోటో తీసుకోండి. తియ్యనివ్వకపోతే ఆ సంగతే రాసి పెట్టుకోండి, తేదీతో, ఎవరు పక్కనున్నారో వాళ్ల పేరుతో. ఒత్తిడికి లొంగి సంతకం పెట్టేసి ఉంటే కూడా అయిపోయిందని ఊరుకోవద్దు, తమ్ముడి కాగితం అలాగే వెనక్కి పోయింది. ఎమిరేట్స్‌లో కార్మిక ఫిర్యాదులకు 80084, మంత్రిత్వ శాఖ మామూలు నంబరు 600590000, దుబాయిలో మన కాన్సులేట్ సహాయ కేంద్రం 80046342. సౌదీలో 19911. రాత్రి పదకొండుకైనా సరే నాకూ చెయ్యండి, ఈసారి లేచి కూర్చుని మాట్లాడతాను.

తమ్ముడు పెండ్లి చేసి తిరిగొచ్చాడు. ఇప్పుడు వేరే పికప్ ఇచ్చారు, దానికీ డబ్బా ఉంది. సీటు వెనక నోటుబుక్కు పెట్టాడు. పోయిన ఆదివారం చూపించాడు, తేదీలు తెలుగు అంకెల్లో ఎందుకు రాశావురా అంటే "ఫోర్‌మన్‌కు అర్థం కావొద్దని" అన్నాడు. అదొక్కటి మార్చమన్నాను. ఫోర్‌మన్‌కు అర్థం కావాలి, ప్రతి పేజీ కింద ఆయన సంతకం కూడా ఉండాలి.